ఆ పాత ఫొటోలో ఉన్నది మీ తాతేనా? హైమన్‌డార్ఫ్ ఫొటోలను ఎలా వెతకాలి, పేర్లు ఎలా చేర్చాలి?

నాగలి దున్నుతున్న గోండు రైతు. కర్రతో దుంపలు తవ్వుతున్న చెంచు మహిళ. గోదావరి ఒడ్డున కొండల్లో పోడు కొడుతున్న కొండరెడ్లు. 1940లలో తీసిన ఇలాంటి ఫొటోలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ (సోయాస్) ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఫోన్‌లోనే ఉచితంగా చూడొచ్చు.

అయితే ఒక లోటుంది. తెగ పేరు, ఊరి పేరు ఉన్న ప్రతి ఫొటోకూ అందులోని మనిషి పేరు లేదు. ఆ పేర్లు చెప్పగలిగినవారు మన ఊళ్లలోనే ఉన్నారు. 1942లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు తొంభై దాటాయి.

ఈ ఫొటోలు ఎవరు తీశారు?

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన భారత్‌లో ఉన్నారు. శత్రు దేశపు పౌరుడు కావడంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన కదలికలను హైదరాబాద్ సంస్థానానికి పరిమితం చేసింది. ఆ రోజుల్లోనే భార్య బెట్టీతో కలిసి ఆయన నల్లమల చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాద్ గోండుల మధ్య నివసించారు.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం మరణించాక గోండుల సమస్యలను తెలుసుకునే బాధ్యతను నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ఏర్పాటు వెనక ఉన్నదీ ఆయనే. బెట్టీ సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది.

పేర్లు చేర్చడం సాధ్యమేనా?

కెనడాలో ఈ పని 2002 నుంచి జరుగుతోంది. అక్కడి జాతీయ ఆర్కైవ్‌లో మంచు ప్రాంతపు ఇన్యూట్ ప్రజల ఫొటోలు ఎన్నో ఉన్నాయి. కుక్కలు లాగే బండ్లపై ప్రయాణాలు, వేట, మంచు ఇళ్లు వాటిలో కనిపిస్తాయి. చాలా ఫొటోలకు మనుషుల పేర్లు లేవు. 1941 నుంచి ప్రభుత్వం ఇన్యూట్లకు మెడలో వేసుకునే నంబరు బిళ్లలు కూడా ఇచ్చింది. పేరు బదులు నంబరుతో గుర్తించిన కాలమది.

'ప్రాజెక్ట్ నేమింగ్' పేరుతో ఇన్యూట్ యువత ల్యాప్‌టాప్‌లలో ఈ ఫొటోలను తీసుకెళ్లి పెద్దలకు చూపించింది. ముందుగా తీసుకున్నవి రిచర్డ్ హారింగ్టన్ తీసిన సుమారు 500 ఫొటోలు. పెద్దలు చెప్పిన పేర్లను ఆర్కైవ్ రికార్డులో చేర్చారు. 2015లో ఈ పనిని కెనడాలోని ఇతర ఆదివాసీ సమాజాలకూ విస్తరించారు.

మీరు వెతకాలంటే?

సోయాస్ డిజిటల్ కలెక్షన్స్ పేజీలో హైమన్‌డార్ఫ్ పేరుతో మొదలుపెట్టండి. వివరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఊరి పేరు దొరకకపోతే నిరాశపడొద్దు. పాత స్పెల్లింగ్‌లతోనూ వెతకండి. ఉట్నూరు చివర ఇప్పుడు రెండు 'ఓ'లు రాస్తున్నాం, హైమన్‌డార్ఫ్ 'యూ' అక్షరం రాశారు. జిల్లా పేరు కూడా అప్పటిదే వాడాలి. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్ అప్పట్లో ఆదిలాబాద్‌లోనే ఉండేవి. అమ్రాబాద్ చెంచు పెంటలు మహబూబ్‌నగర్ కిందికి వచ్చేవి.

పెద్దలను ఎలా అడగాలి?

1. "ఈయన మన తాతే కదా?" అని అడగొద్దు. "ఇందులో ఎవరున్నారు?" అని అడిగి ఆగండి.

2. ముఖం గుర్తుపట్టకపోయినా నగలు, చెట్టు, బావి, ఇంటి గుమ్మం గుర్తుపట్టొచ్చు. వాటి గురించీ అడగండి.

3. ఒకే ఫొటోను ఇద్దరికి విడివిడిగా చూపించండి. ఇద్దరూ వేర్వేరు పేర్లు చెబితే రెండూ రాయండి.

4. పేరు, ఇంటిపేరు, గోండులైతే ఎన్ని వేల్పుల సగ, ఎవరు చెప్పారు, వారికి ఏమవుతారు, ఏ రోజు చెప్పారు అన్నవి రాసుకోండి. పక్కనే ఫొటో రిఫరెన్స్ నంబరు తప్పనిసరి. అది లేకపోతే ఆర్కైవ్ సిబ్బంది ఆ ఫొటోను పట్టుకోలేరు.

5. ఆ వివరాలను ఆర్కైవ్ చిరునామాకు ఇంగ్లిష్‌లో పంపండి. ఒక కాపీ మీ ఊళ్లోనూ ఉంచండి.

పెర్సాపేన్ వంటి పూజల ఫొటోలైతే, నలుగురికీ పంపే ముందు ఆ ఇంటిపేరు పెద్దల మాట తీసుకోండి. పుస్తకంలోనో పోస్టర్‌పైనో అచ్చు వేయాలంటే ఆర్కైవ్ అనుమతి కావాలి.

పోడు పట్టాకు పనికొస్తుందా?

ఒక్క ఫొటో చూపించి పట్టా అడగలేరు. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఎస్టీలు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి తమ ఆధీనంలో ఉందని చూపాలి. అయితే చట్టం నిబంధనల్లోని 13వ నిబంధన ఒకటికి మించిన ఆధారాలను పరిశీలించాలని చెబుతోంది. పరిశోధన పత్రాలు, పెద్దల రాతపూర్వక వాంగ్మూలం, పాత రికార్డుల్లో పేరున్నవారి నుంచి వచ్చిన వంశవృక్షం ఆ జాబితాలో ఉన్నాయి. 'గోండు పురుషుడు' అని మాత్రమే ఉన్న ఫొటోతో వంశవృక్షం కలపలేం. పేరు, ఊరు, సంవత్సరం ఉంటే మిగతా ఆధారాలకు అది తోడవుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఊళ్లో అందరికన్నా పెద్దవారితో, వీలైతే ఈ వారమే. చూపు తగ్గినవారికి ఫోన్ తెర చాలదు, పెద్ద సైజు ప్రింట్ తీసుకెళ్లండి. దండారికి, కేస్లాపూర్ నాగోబా జాతరకు దూరపు బంధువులూ ఒకచోట చేరతారు. ఒకరికి తట్టని పేరు మరొకరికి తడుతుంది. అప్పటికి ప్రింట్లు సిద్ధంగా ఉంచుకోండి.