చెత్తకు చోటెక్కడ?

ప్రతి పట్టణమునుండియు దినదినము చెత్త బండ్లకొలది వెలువడుచున్నది. ఎరువుగా మారునది, మరల వాడుకకు వచ్చునది తీసివేసిన పిమ్మట కూడ కొంత మిగులును. దానిని ఎక్కడనో పూడ్చవలెను. ఎక్కడ?

పూడ్చినచోట వాననీరు చెత్తగుండ దిగి, కుళ్లును కరగించుకొని, మురుగై భూమిలోనికి ఇంకును. అది భూగర్భజలముతో కలిసినచో చుట్టుప్రక్కల బావులు చెడును. కావున తగని స్థలములను ముందే త్రోసివేయుట మొదటి మెట్టు. భారత ప్రభుత్వము 2016లో ప్రకటించిన ఘనవ్యర్థముల నియమములు ఇట్టి స్థలము నదికి 100 మీటర్లు, చెరువులకు, ఇండ్లకు, మంచినీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయములకు 20 కిలోమీటర్లు ఎడముగా నుండవలెనని విధించినవి. చెత్తకు మూగు పక్షులవలన విమానములకు అపాయము కలదు. ఖర్చు తగ్గునని ఈ హద్దులను దాటరాదు.

మిగిలినవానిని తూచుట రెండవ మెట్టు. నేలతీరు, వాలు, భూమి ధర వంటి అంశములు పెక్కు ఉండును. సులభముగా నుండుటకు రెండు స్థలములను, రెండు అంశములను తీసికొందము. పదింటికి మార్కులు వేయగా మొదటి స్థలమునకు నీటి భద్రతలో 4, రవాణా సౌకర్యములో 9 వచ్చిన వనుకొందము; రెండవదానికి 8, 4. ఏది మేలు?

అంశములు రెండును సమానమని లెక్కల అధికారి యన్నచో, ఒక్కొక్కదానికి సగము ప్రాధాన్యము. అప్పుడు మొత్తములు 6.5, 6, మొదటిది నెగ్గును. నీటి భద్రత 9 రెట్లు ముఖ్యమని వైద్యాధికారి యన్నచో, ప్రాధాన్యములు 0.9, 0.1. మొత్తములు 4.5, 7.6; రెండవది నెగ్గును. స్థలములు మారలేదు, తూకము మారినది.

ఇట్లు అంశములను జతలుగా 1 నుండి 9 వరకు గల అంకెలతో పోల్చు పద్ధతిని 1970-80 మధ్య థామస్ శాటీ రూపొందించెను. ఇందు పలువురి అభిప్రాయములను గుణమధ్యమముతో కలుపుదురు. 1, 9ల గుణమధ్యమము √(1×9), అనగా 3. అంకమధ్యమమైన 5ను ఏల తీసికొనరాదు? రవాణానే నీటితో పోల్చినచో అవే అభిప్రాయములు 1, 1/9 అగును. వాని గుణమధ్యమము 1/3. ఇది 3కు సరియైన వ్యుత్క్రమము. అంకమధ్యమమో 5/9, అది 5కు వ్యుత్క్రమము కాదు. పోల్చు వరుసను బట్టి ఫలితము మారరాదు గదా!

ప్రాధాన్యములు 3కు 1 చొప్పున, అనగా 0.75, 0.25గా తూచినచో మొత్తములు 5.25, 7. రెండవ స్థలమే మేలు.

గణితము ఇంతవరకే చెప్పును. తూచువారిలో ఎవరెవరు ఉండవలెనో అది చెప్పజాలదు. అధికారు లిద్దరు ఉండి, ఆ స్థలము చెంత బావినీరు త్రాగు పల్లెవారు లేకున్నచో, లెక్క సరియైనను తీర్పు తప్పవచ్చును.