'టేక్ ఆఫ్' ఆంగ్ల క్రియాబంధం: వాక్యనిర్మాణం – అర్థనిర్ణయం

1. ఉపోద్ఘాతం

ఆంగ్లంలో ఒక క్రియ, దానిని అనుసరించే చిన్న అవ్యయం కలిసి ఒకే అర్థాన్ని ఇచ్చే నిర్మాణాన్ని 'ఫ్రేజల్ వెర్బ్' అంటారు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో వెలువరించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' గ్రంథంలో ఈ పేరును వాడాడు. దీనిని సూచించినవాడు నిఘంటుకర్త హెన్రీ బ్రాడ్లీ.

'టేక్' అంటే తీసుకొను, 'ఆఫ్' అంటే వేరుగా, దూరంగా అని తెలిసినంత మాత్రాన 'టేక్ ఆఫ్' బోధపడదు. చొక్కా విప్పడం, సెలవు పెట్టడం, ఒకరిని అనుకరించడం, విమానం గాలిలోకి లేవడం – ఇన్నింటికీ ఆంగ్లం ఈ ఒక్క బంధాన్నే వాడుతుంది. వీటిలో ఏది ఉద్దిష్టమో తేల్చడానికి మూడు ప్రశ్నలు తోడ్పడతాయి: వాక్యంలో కర్మ ఉన్నదా? ఉంటే అది ఎటువంటిది? అది ఏ స్థానంలో ఉన్నది?

2. కర్మ ఉన్న వాక్యాలు

కర్మ ధరించే వస్తువైతే అర్థం 'తొలగించు'. 'హి టుక్ ఆఫ్ హిజ్ కోట్' అన్నా, 'హి టుక్ హిజ్ కోట్ ఆఫ్' అన్నా ఒకటే. కాని కర్మ సర్వనామమైతే అది తప్పనిసరిగా నడుమనే రావాలి: 'హి టుక్ ఇట్ ఆఫ్' సాధువు, 'హి టుక్ ఆఫ్ ఇట్' అసాధువు. తెలుగులో ఈ ఒక్క క్రియకు వస్తువును బట్టి వేర్వేరు మాటలున్నాయి. చొక్కా విప్పుతాము, కళ్ళజోడు తీస్తాము, చెప్పులు విడుస్తాము. అనువాదకుడు అన్నింటికీ 'తీసివేయు' అని రాస్తే అర్థం చెడదు గాని తెలుగుదనం తగ్గుతుంది.

కర్మ కాలవాచకమైతే అర్థం 'సెలవు తీసుకొను': 'షి టుక్ ఫ్రైడే ఆఫ్'. ఇక్కడ కాలవాచకం నడుమ రావడమే వాడుక. కర్మ వ్యక్తి అయితే, ముఖ్యంగా బ్రిటిష్ వాడుకలో, 'నవ్వు పుట్టేలా అనుకరించు' అన్న అర్థం రావచ్చు: 'షి టుక్ ఆఫ్ ది ప్రిన్సిపల్'.

'దే టుక్ టెన్ పర్సెంట్ ఆఫ్ ది ప్రైస్' అన్న వాక్యం పైకి ఇలాగే కనిపిస్తుంది. అయితే ఇక్కడ 'ఆఫ్' తన వెనుక 'ది ప్రైస్' అన్న నామాన్ని కలుపుకొని విభక్తివలె పనిచేస్తున్నది. 'ధరలో పది శాతం తగ్గించారు' అని అర్థం.

3. కర్మ లేని వాక్యాలు

కర్మ లేనప్పుడు కర్త స్వభావమే ఆధారం. కర్త విమానమో పక్షియో అయితే 'గాలిలోకి లేచు'. వ్యక్తి అయితే వ్యవహారంలో 'ఉన్నట్టుండి వెళ్ళిపోవు'. వ్యాపారమో ఆలోచనో అయితే 'ఊపందుకొను'. 'హి టుక్ ఆఫ్ హిజ్ కోట్ అండ్ టుక్ ఆఫ్' అన్న వాక్యంలో మొదటిది కోటు విప్పడం, రెండవది వెళ్ళిపోవడం. రెండింటినీ వేరుచేస్తున్నది కర్మ ఉండడం, లేకపోవడం మాత్రమే.

విమానానికి సంబంధించిన అర్థం శాస్త్ర పరిభాషలోకీ ప్రవేశించింది. డబ్ల్యు. డబ్ల్యు. రోస్టో 1960లో ప్రచురించిన 'ది స్టేజెస్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్'లో ఆర్థికవృద్ధిని 5 దశలుగా విభజించి, మూడవ దశకు 'టేక్ ఆఫ్' అని పేరు పెట్టాడు. అభివృద్ధి తన బలంతో తాను సాగే స్థితికి చేరడాన్ని ఈ రూపకం సూచిస్తుంది.

4. తెలుగులో 'టేకాఫ్'

తెలుగు ఈ బంధాన్ని 'టేకాఫ్' అనే ఒకే నామంగా స్వీకరించి, 'అవు' చేర్చి 'విమానం టేకాఫ్ అయింది' అని వాడుతున్నది. ఇక్కడ స్థిరపడింది ప్రధానంగా విమానయానార్థమే. విప్పడం, సెలవు పెట్టడం, అనుకరించడం అన్న అర్థాలు ఆదానపదంతో పాటు రాలేదు. పరిచితమైన ఈ మాటే ఆంగ్ల పాఠం చదివే విద్యార్థిని తప్పుదారి పట్టించే అవకాశముంది. తెలిసిన ఒక అర్థం తక్కినవాటిని వెదకనీయదు.

5. ముగింపు

ఇటువంటి నిర్మాణం తెలుగువారికి కొత్తది కాదు. 'తీయు' ధాతువుకు 'వేయు' చేరితే తొలగించడం, 'కొను' చేరితే స్వీకరించడం, 'పోవు' చేరితే తక్కువ కావడం. 'అతడు ఎవరికీ తీసిపోడు' అన్న వాక్యానికి తీయడం, పోవడం అన్న అర్థాలను కూడి ఎవరూ అర్థం చెప్పుకోరు. తరగతిలో ఈ పోలికతో మొదలుపెట్టి, అర్థాల పట్టికకు బదులు కర్మను పరిశీలించే అలవాటు చేస్తే, 'టేక్ ఆఫ్' మాత్రమే కాక ఆ కోవకు చెందిన తక్కిన క్రియాబంధాలూ విద్యార్థికి సుగమమవుతాయి.