ఇంగ్లీషు జంటమాటలు – ఎక్కడ ఒత్తి పలకాలి?

తమ్ముళ్లారా! తెలుగు మీడియం నుంచి వచ్చిన మనకు ఇంగ్లీషు స్పెల్లింగు వచ్చు, అర్థం తెలుసు. అయినా నలుగురిలో నోరు పెగలదు. మేము హాస్టల్లో ఉన్నప్పుడు ఒక మిత్రుడు క్లాసులో పాఠం చదువుతూ ‘కప్-బోర్డ్’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మేమూ ఉన్నాం. తర్వాత చాలా రోజులు అతను పైకి చదవలేదు. నిజానికి అతను రాసింది రాసినట్టు చదివాడు. తెలుగు మనకు నేర్పింది అదే కదా! అందుకే ఆలస్యంగానైనా మేము తెలుసుకున్న సంగతులు మీకు చెబుతున్నాం.

మొదటిది సిలబుల్. అంటే ఒక్క ఊపున పలికే ముక్క. దీన్ని రాసే అక్షరాలతో కాదు, చెవికి వినిపించే ముక్కలతో లెక్కపెట్టాలి. ‘టైమ్‌టేబుల్’ రాయడానికి ఇంగ్లీషులో 9 అక్షరాలు కావాలి. పలికితే టైమ్-టే-బుల్, 3 సిలబుల్సే.

రెండవది మాటలోని భాగాలు. సిలబుల్స్ 3 ఉన్నా ఇక్కడ కలిసిన మాటలు రెండే: టైమ్, టేబుల్. ఇది మన సమాసం లాంటిదే. వంటగది ఒక గది, క్లాస్‌రూమ్ ఒక రూమ్. అసలు వస్తువు పేరు చివర ఉంటుంది.

మూడవది ఊనిక. అర్థానికి చివరి మాట ముఖ్యమైనా, గొంతులో బరువు ఎక్కువగా మొదటి మాట మీదే పడుతుంది. ‘బ్లాక్’ను ఒత్తి బ్లాక్‌బోర్డ్ అంటే టీచరు రాసే బోర్డు. దానికి ఆకుపచ్చ రంగు వేసినా పేరు అదే. ‘బోర్డ్’ను ఒత్తి పలికితే నల్లగా ఉన్న ఏదో ఒక బోర్డు.

ఊనిక లేని భాగం వాడుకలో నలిగిపోతుంది. ‘పోస్ట్‌మ్యాన్’లోని ‘మ్యాన్’ పలుకులో ‘మన్’ అయింది. ఒకప్పుడు కప్పులు పెట్టే బల్లకు పేరైన ‘కప్‌బోర్డ్’ నోళ్లలో నలిగి ‘కబర్డ్’ అయింది. ‘పి’ అక్షరం రాతలో మాత్రమే మిగిలింది. ఉపవాసం విరమించడమనే అర్థంలో పుట్టిన ‘బ్రేక్‌ఫాస్ట్’ కూడా అలాగే ‘బ్రెక్‌ఫస్ట్’ అయింది.

మినహాయింపులూ ఉన్నాయి. ‘హెడ్‌మాస్టర్’లో బ్రిటిష్ వారు ‘మా’ను ఒత్తుతారు. అనుమానం వస్తే డిక్షనరీ చూడండి. ఉచ్చారణ ఇచ్చిన చోట పైభాగాన చిన్న నిలువు గీత ఉంటే, దాని తర్వాతి సిలబుల్‌ను ఒత్తి పలకాలి.

స్టడీ అవర్‌లో రోజుకు 5 మాటలు పైకి చదవండి. పక్కవాడు తప్పు పలికితే నవ్వకండి, సరిచేయండి. తప్పు పలికినవాడు రేపు నేర్చుకుంటాడు. మన నవ్వుకు భయపడి నోరు మూసుకున్నవాడు ఎలా నేర్చుకుంటాడు?