ఇరుసు కందెన నుంచి ఇంజన్ ఆయిల్ దాకా

అనంతపురం సీమలోని ధర్మవరం, పెనుకొండ, కొత్తచెరువు ప్రాంతాల్లో ఎండాకాలం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు కనుక, ఇంత ఎండలో తిరిగే బండికి చిక్కటి ఆయిలే పోయాలన్న నమ్మకం డ్రైవర్లలోనూ మెకానిక్కుల్లోనూ తరచు కనిపిస్తుంది. ఆయిల్ మార్చాక ఇంజన్‌లో టకటకమని చప్పుడు వస్తే, పోసిన ఆయిల్ పల్చనిదన్న తీర్పు కూడా ఆ నమ్మకం నుంచే పుడుతుంది. ఇందులో కొంత నిజం ఉంది. ఆ నిజం ఏ ఇంజన్‌కు ఎంతవరకు వర్తిస్తుందో తెలియాలంటే, రెండు లోహాల నడుమ నూనె చేసే పనిని ముందుగా తెలుసుకోవాలి.

ఎద్దులబండి ఇరుసుకు ఆముదం రాసే అలవాటు తెలుగునాట ఇంజన్ల కన్నా ఎంతో పాతది. ఆముదం మిగతా విత్తనాల నూనెల కన్నా చాలా చిక్కనిది, బరువు పడినా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా పెట్రోలులో సులువుగా కరగదు కనుక మొదటి ప్రపంచయుద్ధ కాలపు రోటరీ విమాన ఇంజన్లలోనూ దాన్నే వాడారు. క్యాస్ట్రాల్ అన్న పేరు 1909లో ఆముదపు ఆంగ్లనామం నుంచే వచ్చింది.

అయితే నూనె బరువును ఎలా మోస్తుందో 1883 దాకా స్పష్టంగా తెలియలేదు. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల వంటి బేరింగులను పరీక్షిస్తూ, నూనె పోయడానికని బేరింగు పైభాగంలో ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరగసాగగానే నూనె లోపలికి దిగడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. చెక్కబిరడా బిగిస్తే దాన్ని కూడా నెట్టివేసింది. పీడనమాపకాన్ని అమర్చి చూసినప్పుడు, బేరింగు మీద సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌన్లు మాత్రమే ఉండగా, లోపలి నూనె పీడనం 200 పౌన్లు దాటింది. తిరిగే ఇరుసే నూనెను తనవెంట ఈడ్చుకుపోయి, ఇరుకవుతున్న సందులోకి తోసి, ఆ పీడనం మీద తానే తేలుతోందన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సమీకరణం ఇచ్చాడు. నేటి ఇంజన్ బేరింగులో ఈ నూనె పొర భారం పడినచోట కొద్ది మైక్రాన్లే, అంటే వెంట్రుక మందంలో చిన్న భాగమే, ఉంటుంది. సందు వెడల్పు, వేగం, భారం, నూనె స్నిగ్ధత కలిసి దాని మందాన్ని నిర్ణయిస్తాయి; స్నిగ్ధత అంటే ద్రవం తన పారుదలకు తానే కలిగించుకునే నిరోధం.

ఈ స్నిగ్ధతకు అంకెలు పెట్టే పని అమెరికాలోని సొసైటీ ఆఫ్ ఆటోమొబైల్ ఇంజనీర్స్ 1911లో మొదలుపెట్టింది. డబ్బా మీద కనిపించే 5డబ్ల్యూ-30 వంటి గుర్తులో డబ్ల్యూకు ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఇంజన్ తిరగడానికి సంబంధించినది కాగా, వెనుకనున్నది ప్రధానంగా 100 డిగ్రీల వద్ద చిక్కదనాన్ని తెలుపుతుంది. 5డబ్ల్యూ నూనెను సున్నాకు దిగువన 30 డిగ్రీల వద్ద, 20డబ్ల్యూను సున్నాకు దిగువన 15 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. అనంతపురం సీమలో అంతటి చలి ఎన్నడూ పడదు. అయినా మొదటి అంకెను పూర్తిగా విడిచిపెట్టకూడదు: 40 డిగ్రీల వద్ద కూడా నూనె 100 డిగ్రీల నాటికన్నా సుమారు ఆరు నుంచి తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది కనుక, తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు పల్చటి నూనె పైనున్న వాల్వుల దాకా త్వరగా చేరుతుంది.

చప్పుడు చాలాసార్లు ఆ వాల్వుల దగ్గరే పుడుతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వును తెరిచే క్యామ్‌కూ ఆ వాల్వుకూ మధ్య సందును నూనె పీడనంతో తనంతట తానే పూరించే హైడ్రాలిక్ టాపెట్ ఉంటుంది. లోపలి చిన్న గదిలోని నూనె కారిపోతే ఆ సందు తెరుచుకుని, ప్రతి చుట్టుకూ లోహం లోహాన్ని తడుతుంది. నిమిషానికి 800 చుట్ల ఐడిలింగులో క్యామ్ 400 చుట్లే తిరుగుతుంది కనుక, ఒక్క టాపెట్ వదులైతే సెకనుకు ఆరేడు టక్కులు వినిపిస్తాయి. కొత్త ఫిల్టరు ఖాళీగా ఉన్నందున ఆయిల్ మార్చాక మొదటి కొన్ని క్షణాలు ఈ చప్పుడు రావడం సహజమే. అది ఆగకపోతే డిప్‌స్టిక్ చూడాలి: ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, మరీ ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది, నురుగుకు బరువు మోసే శక్తి ఉండదు. పోసిన గ్రేడు నిజంగానే తప్పయి ఉండవచ్చు కూడా.

ఎండ విషయంలో మాత్రం నమ్మకం సగమే నిజం. థర్మోస్టాట్ ఇంజన్ చుట్టూ తిరిగే నీటిని సుమారు 90 డిగ్రీల దగ్గర నిలుపుతుంది కనుక, బయట 25 డిగ్రీలున్నా 42 ఉన్నా లోపలి నూనె వేడిలో అంత తేడా రాదు. వేరుశనగ లోడుతో లారీ ఎత్తు ఎక్కినప్పుడో, ట్రాక్టరు గంటలకొద్దీ దున్నినప్పుడో పెరిగే వేడే ఎక్కువ ముఖ్యం. అందుకే వాటి డీజిల్ ఇంజన్లలో 15డబ్ల్యూ-40 విస్తారంగా వాడతారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అటువంటి నేటి కార్ల ఇంజన్లలో పంపునూ సన్నని నూనెదారులనూ పల్చటి ఆయిల్‌కు అనుగుణంగానే రూపొందిస్తారు. అటువంటి ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు తగ్గినట్టు వినిపించవచ్చు గానీ, నూనె నెమ్మదిగా చేరుతుంది, ఇంధనమూ ఎక్కువ ఖర్చవుతుంది. బాగా అరిగి సందులు పెరిగిన పాత ఇంజన్‌కు, తయారీదారు పుస్తకం అనుమతించినంత మేరకు, ఒక గ్రేడు చిక్కటిది పోయడం న్యాయమే. టకటకకు బదులు లోతుగా ధన్‌ధన్‌మని మోగుతున్నా, ఆయిల్ హెచ్చరిక దీపం ఆరకున్నా అది బేరింగు సమస్య కావచ్చు కనుక వెంటనే ఇంజన్ ఆపి, పీడనాన్ని గేజితో కొలిపించాలి.