నివురు తొలగితేనే నిప్పు

అర్చకత్వం అభ్యసిస్తున్న తొలినాళ్లలో ఒక ఉదయం నా చేతిలో హోమాగ్ని మందగించింది. సంకల్పం చెప్పుకున్న దంపతులు ఎదురుగా కూర్చుని ఉన్నారు. కంగారుపడి మరిన్ని సమిధలు పేర్చాను, నెయ్యి వేశాను. పొగ మాత్రమే పెరిగింది. గురువుగారు వచ్చి, సమిధలను కొంచెం ఎడం చేసి, విసనకర్రతో మెల్లగా విసిరారు. అగ్నిహోత్రుడు ప్రజ్వరిల్లాడు.

మంటకు ఇంధనం, వేడి, ప్రాణవాయువు మూడూ కావాలి. నేను ఇంధనాన్ని పెంచి గాలికి దారి మూసివేశాను. నిప్పుకణికను నివురు, కాలిన వాయువులు కప్పివేస్తాయి. విసిరిన గాలి వాటిని తొలగించి కొత్త ప్రాణవాయువును అందిస్తుంది. గాలిలో అది సుమారు 21 శాతం. మనం విడిచే ఊపిరిలోనూ సుమారు 16 శాతం మిగిలి ఉంటుంది. అందుకే ఊదుగొట్టంతో ఊదినా పొయ్యి రాజుకుంటుంది. అగ్నిని నోటితో ఊదరాదని మనుస్మృతి నిషేధించినందున హోమంలో మేము విసనకర్రనే వాడతాము.

మరి అదే గాలి దీపాన్ని ఎందుకు ఆర్పుతుంది? దీపశిఖలోని కొద్దిపాటి వేడిని గాలి హరించివేస్తుంది. కణికలో వేడి నిలువ ఉంటుంది కనుక అది తట్టుకుంటుంది.

భక్తులకు నా విన్నపం ఒక్కటే. హోమద్రవ్యాలను కుప్పగా వేయక, కొద్దికొద్దిగా సమర్పించండి. అగ్నికి ఆహుతి ఎంత అవసరమో, ఊపిరీ అంతే అవసరం.