మొదటి కుక్కకు సరిపడే రెండో కుక్క

కుక్క గుంపుగా బతికే జంతువు కనుక తోడుగా మరో కుక్కను తెస్తే అది తప్పకుండా సంతోషిస్తుందన్న నమ్మకం పెంపుడు కుక్కలున్న ఇళ్ళలో గట్టిగా నాటుకుపోయింది. పగలంతా ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే లాబ్రడార్‌ను చూసి జాలిపడే దంపతులు, ముసలిదైపోయిన పొమరేనియన్‌కు మళ్ళీ హుషారు వస్తుందని ఆశపడే పెద్దవాళ్ళు, వీధిలో దొరికిన పిల్లను వదిలి రాలేని కుర్రవాళ్ళు, అందరూ ఈ నమ్మకంతోనే రెండో కుక్కను ఇంటికి తెస్తారు. ఇందులో నిజం లేకపోలేదు; మనిషి ఎంత ప్రేమించినా ఇవ్వలేని ఆటను, భాషను సాటి కుక్క ఇస్తుంది. అయితే ఆ సాంగత్యం ఏ కుక్కతోనైనా కుదిరేది కాదు. పార్కులో పది నిమిషాలు ఆడుకుని ఎవరి దారిన వారు పోయే నేస్తం వేరు, తప్పుకుపోయే వీలు లేకుండా పడకను, వాకిలిని, యజమాని ఒడిని రోజూ పంచుకోవలసిన సహవాసి వేరు. కాబట్టి రెండో కుక్కను ఎంచేటప్పుడు ఇంటివాళ్ళ ముచ్చట కన్నా ఇంట్లో ఇప్పటికే ఉన్న కుక్క వయసు, లింగం, ఆటతీరు, ఓర్పు ముందుగా లెక్కలోకి రావాలి.

ఆ కుక్కకు అసలు తోడు కావాలా అన్న ప్రశ్న వీటన్నిటి కన్నా ముందుది. యజమాని గడప దాటగానే ఏడ్చి, తలుపు గీకి, చెప్పులు కొరికే కుక్క బాధ చాలాసార్లు మనిషి ఎడబాటు వల్ల పుట్టినది. దానిని మరో కుక్క రాక తీర్చదు, పైగా కొత్తది కూడా ఆ కంగారును నేర్చుకునే ప్రమాదం ఉంది. వీధిలో ఎదురైన ప్రతి కుక్క మీదికి లీష్ తెంపుకునేలా ఎగబడే కుక్క, లేదా మరో కుక్క దగ్గరకు వస్తే యజమాని కాళ్ళ వెనుక నక్కే కుక్క, తనకు తోడు అక్కర్లేదని తన పద్ధతిలో చెబుతున్నట్టే. రోజుకు రెండు పూటలా కాస్త ఎక్కువసేపు నడిపిస్తే తీరిపోయే విసుగుకు మరో ప్రాణిని మందుగా తేవడం ఆ రెండిటికీ అన్యాయం.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతను కుక్కలకు అన్వయించి, ఏదో ఒకటి పెత్తనం చేసి రెండోది లొంగితే తప్ప ఇంట్లో శాంతి ఉండదని అనుకునేవారు ఉన్నారు. ఈ భావనకు ఊతమిచ్చినది తోడేళ్ళ మీద జరిగిన ఒక పాత పరిశీలన. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్ళను గమనించిన రుడాల్ఫ్ షెంకెల్ 1947లో వాటి మధ్య పెత్తనపు పోరును వర్ణించగా, అమెరికన్ జీవశాస్త్రవేత్త డేవిడ్ మెచ్ 1970లో వెలువరించిన పుస్తకం ‘ఆల్ఫా’ అన్న మాటను, అంటే గుంపుకు పెద్ద అన్న భావాన్ని, విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. అదే మెచ్ తరువాత కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను అనేక వేసవులు దగ్గరగా చూసి, గుంపు అంటే సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలతో కూడిన కుటుంబమేనని, పోరాడి గెలిచిన నాయకుడన్న మాట అక్కడ పొసగదని 1999లో రాశాడు. దీనివల్ల ఇంటి కుక్కల విషయంలో తేలేది ఏమిటంటే, కొత్తదాన్ని పాతదానికి లొంగదీయడానికి మెడ పట్టి వంచడం, కలబడుతుంటే తేల్చుకోనివ్వమని చూస్తూ ఊరుకోవడం వంటి పద్ధతులకు ఆధారం లేదు. వాటి వల్ల భయం మాత్రమే మిగులుతుంది.

లింగం విషయంలో కొంత స్పష్టమైన సమాచారం ఉంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పశువైద్యులు, ఒకే ఇంట్లో ఉంటూ కరుచుకుంటున్నందువల్ల చికిత్సకు తెచ్చిన 38 జతల కుక్కలను పరిశీలించి 2011లో ప్రచురించిన వివరాల ప్రకారం, ఆ జతల్లో 79 శాతం ఒకే లింగానివి, 68 శాతం జతల్లో ఆడకుక్క ఉంది, నాలుగింట సుమారు మూడు వంతుల గొడవలను మొదలుపెట్టింది వయసులో చిన్నది. ఇవి అప్పటికే గొడవపడి ఆసుపత్రికి వచ్చిన కుక్కలే కనుక, హాయిగా కలిసి బతికే రెండు ఆడకుక్కల ఇళ్ళు ఈ లెక్కలోకి రాలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. అయినా ఎంపిక చేసుకునే వీలున్నప్పుడు ఒక ఆడది, ఒక మగది ఉండే జత మేలన్న అనుభవజ్ఞుల మాటకు ఈ అంకెలు బలం ఇస్తున్నాయి.

ఆ మేలు పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్సతో ముడిపడి ఉంది. ఆడకుక్క సాధారణంగా ఆరేడు నెలలకొకసారి ఎదకు వచ్చి, సుమారు మూడు వారాలు ఆ స్థితిలో ఉంటుంది. ఆ రోజుల్లో ఒకే ఇంట్లోని మగకుక్కను దూరంగా ఉంచడం తలుపులు, గొళ్ళేలు ఉన్నంత మాత్రాన సాధ్యమయ్యే పని కాదు. కట్టిన తరువాత దాదాపు 63 రోజులకు పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకు ఇళ్ళు వెతకలేని కుటుంబాల నుంచే వీధి కుక్కల సంఖ్యకు కొంత చేరిక జరుగుతోంది. గర్భం రాకపోయినా, ఎద ముగిసిన రెండు నెలలకు కొన్ని ఆడకుక్కల్లో ఉత్తుత్తి గర్భపు లక్షణాలు కనబడతాయి, అంటే పాలు దిగడం, పాత గుడ్డలతో గూడు కట్టుకోవడం, బొమ్మనో చెప్పునో పిల్లగా భావించి కాపాడుకోవడం. ఆ బొమ్మ దగ్గరకు రెండో కుక్క వస్తే గొడవ తప్పదు. ఆపరేషన్ వీటిని నివారిస్తుంది. కాని భయం వల్ల కరిచే కుక్కను అది ధైర్యశాలిని చేయదు.

వయసు తేడా ఎంత ఉండాలన్నదానికి కచ్చితమైన కొలత లేకపోయినా, మొదటి కుక్కకు రెండు మూడేళ్ళు నిండి, పిలిస్తే రావడం, వద్దంటే ఆగడం వంటి అలవాట్లు స్థిరపడిన తరువాత రెండోదాన్ని తేవడం తెలివైన పని, ఎందుకంటే పిల్ల సగం చదువు పెద్దదాన్ని చూసే నేర్చుకుంటుంది, పెద్దది ఏది చేస్తే అదే అబ్బుతుంది. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలను ఒకేసారి తెచ్చుకోవడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, అవి ఒకదానికొకటి అతుక్కుపోయి మనిషి మాట పట్టించుకోకపోవడం, ఏడాది దాటాక బద్ధశత్రువులు కావడం కూడా జరుగుతుంటాయి. విడివిడిగా నడిపించి, విడివిడిగా నేర్పే ఓపిక ఉన్న ఇంటికే అది తగును. కీళ్ళ నొప్పులతో, తగ్గిన చూపుతో ఉన్న పన్నెండేళ్ళ కుక్క మీదికి మూడు నెలల పిల్లను వదలడం ఈ తప్పులన్నిటిలో క్రూరమైనది. పిల్ల తోక పట్టి లాగినప్పుడు ముసలిది లేచి పక్కకు పోలేదు, గుర్రుమంటే ఇంటివాళ్ళు దాన్నే కసురుతారు. అటువంటి కుక్కకు తోడు తప్పనిసరి అనుకుంటే నిదానించిన నడివయసు కుక్కను దత్తత తీసుకోవడం మంచిది.

పిల్లనే తేవాలనుకున్నప్పుడు అది తల్లి దగ్గర ఎన్నాళ్ళు ఉన్నదో అడగాలి. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం వరకు ఉండే కాలంలో కుక్కపిల్ల ఎవరిని చూస్తే వారిని తనవారిగా భావించడం నేర్చుకుంటుంది. దీనిని సాంఘికీకరణ దశ అంటారు. అన్నాచెల్లెళ్ళతో కొట్లాడుతూ, ఎంత గట్టిగా కొరికితే అవతలిది కీచుమంటుందో తెలుసుకునేది కూడా అప్పుడే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపక, విక్రయ నియమాలు చెబుతున్నా, నెల రోజుల పిల్లలు చేతులు మారుతూనే ఉన్నాయి. అలా ముందే విడిపోయిన పిల్లకు సాటి కుక్కల మర్యాద తెలియకపోవడం వింత కాదు.

ఏ జాతి ఏ జాతితో కలుస్తుందని అడిగేవారే ఎక్కువ గాని, ఈ ప్రశ్నకు జవాబు ఆశించినంత సులభం కాదు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనలో పద్దెనిమిది వేలకు పైగా కుక్కల ప్రవర్తన వివరాలను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పోల్చి చూడగా, ఒక కుక్కకూ మరో కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉన్న తేడాలలో జాతి వల్ల వచ్చినది సుమారు 9 శాతమేనని తేలింది. అంటే లాబ్రడార్ అన్న పేరు చూసి శాంతస్వభావానికి హామీ ఉన్నదనుకోరాదు. అయితే శతాబ్దాలుగా ఒక పనికి ఎంచి పెంచిన పద్ధతి ఆటతీరులోనూ వేటగుణంలోనూ జాడలు వదలకుండా పోలేదు. కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను కాయడానికి, వేటకు వాడిన జోనంగి, కర్ణాటకలోని బాగల్‌కోట్ ప్రాంతానికి చెందిన ముధోల్, తమిళనాడులోని విరుదునగర్ జిల్లా పేరు నిలిపిన రాజపాళయం వంటి కుక్కలకు కదిలిపోయే చిన్న ప్రాణిని చూడగానే పరుగు తన్నుకొస్తుంది. చూపుతో వేటాడే ఇటువంటి కుక్క, ఇంట్లో షిట్జూతో ఏడాదిగా మంచిగా ఉన్నదే అయినా, ఆరుబయట ఆ చిన్నది కీచుమంటూ పరుగెత్తిన క్షణంలో దానిని నేస్తంగా కాక వేటగా చూసే అవకాశం ఉంది. బరువులో పది రెట్ల తేడా ఉన్నప్పుడు కోపం అక్కర్లేదు, సరదాగా వేసిన ఒక్క కాలు చాలు.

ఆటతీరు కూడా అంతే ముఖ్యం. లాబ్రడార్ భుజంతో గుద్ది ఆడుతుంది, జర్మన్ షెపర్డ్ తరిమి, చుట్టుముట్టి ఆడుతుంది, దేశవాళీ కుక్కల్లో చాలావాటికి పరుగు ఇష్టం గాని మీద పడితే నచ్చదు. పగ్ వంటి పొట్టి ముక్కు కుక్క ఊపిరి తీసుకునేటప్పుడు వచ్చే గురగుర శబ్దాన్ని ఇతర కుక్కలు బెదిరింపుగా అర్థం చేసుకోవచ్చు, దాని ముడతల ముఖంలో భావాలు వాటికి సరిగా అందకపోవచ్చు. పైగా మే నెల ఎండలో దానికి గంతులేసే జోడీ దొరికితే వడదెబ్బ భయం కూడా తోడవుతుంది.

జత కుదురుతుందో లేదో పెళ్ళిచూపుల మాదిరి ఒక్క పూటలో తేల్చకుండా మూడు నాలుగు సార్లు, రెండిటికీ సొంతం కాని చోట కలపాలి. ఇద్దరు మనుషులు చెరో కుక్కను పట్టుకుని, రోడ్డుకు చెరో వైపున ఒకే దిశలో నడుస్తూ, అవి ఒకదాని ఉనికిని మరొకటి పట్టించుకోకుండా నేలను వాసన చూడడం మొదలుపెట్టిన కొద్దీ దూరం తగ్గిస్తూ రావాలి. ఎదురెదురుగా నడిపించడం కుక్కల భాషలో సవాలు వంటిది. దగ్గరకు చేరాక లీష్ వదులుగా ఉండాలి. అప్పుడు చూడవలసినవి చిన్న విషయాలు. ముందుకాళ్ళు నేలకు ఆనించి నడుము పైకెత్తడం ఆటకు పిలుపు. పెద్దది తానే వెల్లకిలా పడి చిన్నదానికి గెలుపు ఇవ్వడం, కాసేపు తరిమినది కాసేపు తరిమించుకోవడం, మధ్యలో రెండూ ఆగి ఒళ్ళు దులుపుకోవడం మంచి గుర్తులు. దేహం కర్రలా బిగుసుకుని, నోరు మూసుకుని, తోకను నిట్టనిలువుగా ఎత్తి సన్నగా వణికించడం, ఒకదాని మెడ మీద మరొకటి గడ్డం ఆనించి కదలకుండా నిలబడడం చెడ్డ గుర్తులు. తోక ఊపుతోంది కదా అన్న ధీమాతో ఈ క్షణాన్ని చూడనివారే ఎక్కువ.

కొత్త కుక్కను లోపలికి తెచ్చే ముందు టీకాలు, పిడుదులు, వాటి వల్ల వచ్చే జ్వరాల సంగతి పశువైద్యుని దగ్గర తేల్చుకోవాలి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మొదటి రెండు వారాలు రెండిటికీ వేరు గది, వేరు గిన్నె, వేరు పడక ఉండాలి. అన్నం ఎప్పటికీ విడివిడిగానే పెట్టడం మంచిది: తన గిన్నె ఖాళీ అయిన కుక్క పక్కదాని వైపు రెండడుగులు వేయగానే, అది తినడం ఆపకుండానే మరింత వేగంగా మింగుతూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా వారగా చూస్తుంది. ఆ చూపే మొదటి హెచ్చరిక, గుర్రుమనడం రెండోది. గుర్రుమన్నందుకు దండిస్తే అది హెచ్చరించడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

మన ఊళ్ళలో మరీ ఎక్కువగా గొడవ పుట్టే చోటు ప్రహరీ గేటు. వీధి కుక్క అటుగా పోతుండగా లోపలి రెండూ గేటు మీదికి ఎగబడి మొరుగుతాయి. అందనిదాని మీది ఆవేశం పక్కనున్నదాని మీదికి మళ్ళి, ఏళ్ళ తరబడి ఒకే చాప మీద పడుకున్నవి కూడా ఒక్కసారిగా కరుచుకుంటాయి. గేటు అడుగు భాగానికి రేకు కొట్టి చూపు మూసివేయడం దీనికి చవకైన ఉపాయం. కరుచుకున్నప్పుడు మధ్యలో చెయ్యి పెట్టకుండా దుప్పటి కప్పడం, అట్టనో కుర్చీనో అడ్డం పెట్టడం చేయాలి. మనిషికి గాటు పడితే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నెలలు గడిచినా ఒకటి మూలన నక్కి తిండి మానడం, దారి కాచి రెండోదాన్ని గదిలోకి రానివ్వకపోవడం, ప్రతి గొడవకూ రక్తం కారడం వంటివి కొనసాగితే జత కుదరలేదని ఒప్పుకోవాలి. ఆ రెండిటిలో ఒకదాన్ని మంచి ఇంటికి ఇచ్చివేయడం వీధిలో వదలడం వంటిది కాదు. గొలుసు కట్టి జీవితాంతం వేరుచేసి ఉంచడం కన్నా అది దయగల పని.

కుదిరిన జత చూసి మూడోదాన్ని తేవాలని తొందరపడేవారు ఒక లెక్క వేసుకోవాలి. రెండు కుక్కలుంటే ఇంట్లో ఒక్క బంధమే నిలబెట్టాలి, మూడుంటే మూడు, నాలుగుంటే ఆరు. వాటిలో పెద్దది కాలం చేసిన రోజున, దాన్ని చూసి ఓర్చుకుంటూ వచ్చిన మిగతావి ఒకదానినొకటి మళ్ళీ కొత్తగా వాసన చూసుకుంటాయి.