అమ్మ కొలతలకి కుట్టిన జాకెట్టు

రెండేళ్ల క్రితం అమ్మకి రొమ్ము ఆపరేషనైంది. ఎడమవైపు తీసేశారు. ఆ తర్వాత ఏ టైలర్ కుట్టిన జాకెట్టూ సరిగ్గా కుదర్లేదు. ప్రతిచోటా కారణం చెప్పుకోలేక అమ్మ పెళ్లిళ్లకి వెళ్లడమే మానేసింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. బొత్తాం కుట్టడం కూడా రాదు. అయినా పారిస్ ‘ఓట్ కుటూర్’ బట్టలు ఎలా కుడతారో చదవడం మొదలుపెట్టాను. 1858లో అక్కడ దుకాణం తెరిచిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్‌ని ఈ పద్ధతికి ఆద్యుడంటారు. ఖరీదైన గుడ్డకి కత్తెర పెట్టేముందు చవక నూలుగుడ్డతో నమూనా కుట్టి, మనిషికి తొడిగి సరిచేస్తారు. మా భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ అయ్యాకే రిలీజ్!

కోరాగుడ్డతో మొదటి నమూనా కుట్టాను. ఎడమవైపు వదులు, చంక దగ్గర ముడతలు. కుడి ఎడమలకి వేర్వేరు కటింగ్ కావాలని అప్పుడర్థమైంది. నాలుగోది కుదిరింది. దాన్నే విప్పి పట్టుగుడ్డ మీద పరిచి, కుట్టు పడాల్సిన గీతలన్నీ దారంతో గుర్తుపెట్టాను. తర్వాత సరిచేసుకునేందుకు చుట్టూ అంగుళం వదిలి కత్తిరించాను. ముందు చేత్తో కచ్చాకుట్లు, ఆ తర్వాతే మిషను. మచ్చకి ఒరుసుకోకుండా అంచులన్నీ మెత్తటి నూలు లైనింగ్ కింద దాచాను. ఎడమవైపు ప్యాడ్ పెట్టుకోవడానికి లోపల చిన్న జేబు కుట్టాను.

మూడు నెలల శని, ఆదివారాలు పట్టింది. మీరూ ప్రయత్నిస్తే పాత దుప్పటితో మొదలుపెట్టండి, నష్టం ఉండదు.

అమ్మ తొడుక్కుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

“చేతికుట్లు వంకరగా ఉన్నాయే” అంది.

“లోపలే కదమ్మా, ఎవరికి కనిపిస్తాయి?”

కాసేపాగి బీరువా తెరిచింది. “మీ పిన్ని కూతురి పెళ్లికి దీని మీదకి ఏ చీర తియ్యనే?”